పెరట్లో ఒఫ్రెండా: పూలు, గాలి, చీమలు, మంట

మెక్సికోవాళ్లు చేసే చనిపోయినవాళ్ల పండగకి ఇంట్లో బల్ల మీద ఒఫ్రెండా, అంటే పోయినవాళ్ల కోసం ఫొటోలు, పూలు, దీపాలు, తిండి పేర్చే పీఠం, పెట్టడం వేరు, పెరట్లో పెట్టడం వేరు. ఇంట్లో అయితే అందంగా ఉంటే చాలు. బయట గాలి, మంచు, ఎండ, చీమలు, కొవ్వొత్తి మంట అన్నీ కాచుకుని కూర్చుంటాయి. మేముండేది మెక్సికోలోని గ్వాదలహారా పక్కన, అత్తగారి వాళ్ల ఊరు త్లాకెపాకే. వీధి గేటు నుంచి వెనక గోడ దాకా ఆరు మీటర్ల సన్నటి నడవ, దాని చివర కొంచెం వెడల్పు జాగా, అదే మా పెరడు. ఏటా ఆ జాగా మొత్తాన్ని ఎలా సిద్ధం చేస్తామో, ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో కొలతలతో సహా రాస్తున్నాను. అమెరికాలో మెక్సికన్ల మధ్య ఉంటున్న మనవాళ్లకి కూడా పనికొస్తుంది, తేదీలు మాత్రం వాళ్ల వాతావరణాన్ని బట్టి జరుపుకోవాలి.

పండగ నవంబర్ 1, 2 తేదీల్లో. చిన్నప్పుడే పోయిన పిల్లలు 1న, పెద్దవాళ్లు 2న ఇంటికొస్తారని నమ్మకం. పని మాత్రం జులైలోనే మొదలవుతుంది, ఎందుకంటే దీనికి ప్రాణం సెంపాసూచిల్, అంటే మన ముద్దబంతి. ఈ మొక్క పుట్టిల్లు మెక్సికోయే. మన గుమ్మాలకీ బతుకమ్మకీ అది తర్వాత వచ్చింది. ఇక్కడ దానికి జోడీగా పెట్టే ముదురెరుపు తెర్సియోపేలో తెలంగాణవాళ్లు బతుకమ్మలో పేర్చే పట్టుకుచ్చు పువ్వే.

విత్తనాలు జులై మొదటి పదిహేను రోజుల్లో పడాలి. మీటరు ఎత్తు పెరిగే నాటు రకానికి విత్తిన దగ్గర్నుంచి నిండుగా విచ్చుకోవడానికి మూడు నుంచి మూడున్నర నెలలు పడుతుంది. ఇంకా ముందు వేస్తే మొక్క ఆకాశానికి పెరిగి వానకి పడిపోతుంది. ఆగస్టులో వేస్తే పండగనాటికి మొగ్గలే ఉంటాయి. సెంటీమీటరు లోతులో చల్లితే వారంలోపు మొలుస్తాయి. నాలుగు నుంచి ఆరు ఆకులు వచ్చాక నారు తీసి, మొక్కకీ మొక్కకీ 30 సెంటీమీటర్లు వదిలి నాటాలి. జానెడు ఎత్తు దాటగానే తల తుంచాలి. తుంచితే పక్క కొమ్మలు వేసి మొక్కకి ఎనిమిది నుంచి పన్నెండు పూలిస్తుంది, తుంచకపోతే ఒక్క పెద్ద పువ్వూ నాలుగు నాసిరకం పూలూ. ఆగస్టు సగం దాటాక మాత్రం కత్తెర ముట్టుకోకండి, పూత వెనక్కి పోతుంది. పట్టుకుచ్చుకి నారు తీసి నాటడం సరిపడదు, వేరు కదిలితే గిడసబారుతుంది. దాన్ని ఉండాల్సిన చోటే విత్తి, ఒత్తుగా మొలిస్తే పీకేయడం మేలు.

ఇక్కడ జూన్ నుంచి అక్టోబరు సగం దాకా వానలు. నీళ్లు నిలిస్తే బంతి వేరు రెండు రోజుల్లో కుళ్లుతుంది, అందుకే మడిని జానెడు ఎత్తు లేపుతాం. లేత నారుని నత్తలు రాత్రికి రాత్రే నున్నగా కొరికేస్తాయి. పెంట ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా, పువ్వు మొండిగా తయారవుతుంది. చాలామందికి తట్టని కారణం ఇంకోటుంది, దీపం. బంతి రాత్రులు పొడవయ్యే కొద్దీ పూసే మొక్క. వీధి దీపమో, రాత్రంతా వెలిగే పెరటి బల్బో సూటిగా పడేచోట నాటితే పక్క మడి మొత్తం విరగబూసినా ఆ వరుస మాత్రం పచ్చగా నిలబడి చూస్తుంటుంది. సెప్టెంబరు నుంచి ఆ బల్బు ఆర్పేయండి. అదే నెలలో ప్రతి మొక్కకీ ఊతకర్ర కట్టాలి, తడిసిన పువ్వు బరువుకి కాండం మెడ దగ్గర విరుగుతుంది.

ఇదంతా కుదరనివాళ్లకి పూలసంత ఉంది. గ్వాదలహారాలో మెస్కితాన్ శ్మశానం పక్కన పూలదుకాణాలు అక్టోబరు ఆఖరి వారంలో నారింజ రంగులో మునిగిపోతాయి. మెక్సికో సిటీవాళ్లకి సోచిమిల్కో ఉంది, పుయెబ్లా వైపు అత్లీస్కో పొలాలున్నాయి. కుండీలో అమ్మేవి పొట్టి సంకర రకాలు. వాటికి వాసన తక్కువ, కానీ రెండు మూడు వారాలు నిలుస్తాయి. కోసిన నాటు పూలు ఘాటుగా ఉంటాయి, నీళ్లు లేకపోతే మూడో రోజుకే వాడతాయి. వాసన పట్టుకునే ఆత్మలు దారి కనుక్కుంటాయని ఇక్కడి నమ్మకం కాబట్టి కుండీలు రంగుకి, నాటు పూలు వాసనకి అని మేము పంచుకుంటాం. కుండీ కొనేటప్పుడు సగం విచ్చినవి, కింది ఆకులు కూడా పచ్చగా ఉన్నవి ఏరుకోవాలి. పైన గుత్తిగా కనబడి కింద ఆకులు ఎండి ఉంటే వేర్లు కుండీలో చుట్టలు చుట్టుకున్నట్టే. కోసిన పూలని మాత్రం అక్టోబరు 28 కంటే ముందు కొంటే పండగకి వడలిపోతాయి, 31న వెళ్తే మిగిలేది చెత్తే.

మా లెక్క చెప్తాను. నడవకి రెండు వైపులా అరమీటరుకో కుండీ చొప్పున 24. పూల కమానుకి సుమారు 190 పూలు, నేల మీద పరిచే రేకుల దారికి 150. సొంత మొక్కలు నలభై ఉంటే ఈ రెండూ గట్టెక్కుతాయి, మొత్తం చూసుకున్నా సుమారు మూడున్నర చదరపు మీటర్ల మడి చాలు.

ఒఫ్రెండాకి చోటు ఎంచుకోవడం దగ్గర మొహమాటం పనికిరాదు. పెరటి మధ్యలో ఉంటే నాలుగు వైపుల నుంచీ కనబడుతుందని మనసు లాగుతుంది. అక్కడ పెడితే ఒక్క దీపం నిలవదు. వెనక గోడ, పైన కాస్త చూరు, ఒక పక్క గుబురు మొక్క ఉన్న మూలే సరైనది. మూడు మెట్లు కడతాం. పళ్ల చెక్కపెట్టెలని ఇక్కడ గువకాల్ అంటారు, సంతలో పాతవి ఇస్తారు. ముందు వరుస 30 సెంటీమీటర్లు, నడుమది 60, పైది 90 ఎత్తు వచ్చేలా పేర్చి, ఒక్కో పెట్టెలో రెండేసి ఇటుకలు వేస్తాం. ఇటుకలు లేకపోతే మీద కప్పిన గుడ్డ గాలికి తెరచాపలా లేచి ఫొటోలని కింద పడేస్తుంది. గుడ్డని పెట్టె చెక్కకి బొటనమేకులతో కుట్టినట్టు కొట్టేయాలి.

పైమెట్టు మీద ఫొటోలు. అద్దం ఉన్న చట్రంలోనే పెట్టండి, తెల్లవారుజామున మంచుకి విడి ఫొటో ముడుచుకుపోతుంది. నడుమ మెట్టు మీద పోయినవాళ్లకి ఇష్టమైన తిండి, కింద నీళ్ల గ్లాసు, ఉప్పు, దీపాలు, పళ్లు. దూరం నుంచి నడిచొచ్చినవాళ్లకి మొదట కావాల్సింది నీళ్లు, ఎన్ని మర్చిపోయినా గ్లాసు మర్చిపోకూడదంటారు అత్తగారు. మా మామగారి బాబాయి ముందు తెకీలా, మా తాతయ్య ముందు జంతికలు. ఎవరూ తలుచుకోని ఆత్మ కోసం ఒక దీపం అదనంగా పెడతారు. ఫొటో లేకుండా, ఒక మనిషి కోసం అని కాకుండా ఎన్ని రంగులు పరిచినా అది తోట అలంకారమే తప్ప ఒఫ్రెండా కాదు. ఇక ఇదే సీజన్లో దుకాణాల నిండా ఉండే గుమ్మడికాయ దయ్యాలు, సాలెగూళ్లు, రక్తపు మరకలు... అవి వేరే పండగవి. ఇక్కడి అస్థిపంజరం నవ్వుతుంది, టోపీ పెట్టుకుంటుంది. అచ్చుబొమ్మలు చెక్కే హొసె గ్వాదలూపె పొసాదా చెక్కిన టోపీ పుర్రెకి ఒళ్లంతా ఇచ్చి కత్రీనా అనే అస్థిపంజరం దొరసానిగా నిలబెట్టింది చిత్రకారుడు దియేగో రివేరా, 1947 నాటి కుడ్యచిత్రంలో. పెరట్లో నిలబెట్టాలంటే కాగితపు గుజ్జు కత్రీనాని కొనకండి, మంచుకి మెడ మెత్తబడి తల వాలుస్తుంది. మట్టిది తీసుకోండి. మిచోవకాన్‌లో కపూలా మట్టి కత్రీనాలకి పేరున్న ఊరు, మాకైతే తొనలా సంత దగ్గర.

కమాను ఆ లోకానికీ ఈ లోకానికీ గుమ్మం. వెడల్పు 1.2 మీటర్లు, ఎత్తు రెండు మీటర్లు పెట్టుకుంటే నిలువు భాగాలు రెండూ, పై వంపూ కలిపి 4.7 మీటర్లు తేలుతుంది. కర్రీసో అనే వాగు రెల్లు గడ ఇందుకు వాడతారు. పచ్చిది వంగుతుంది, ఎండినది ఫటుక్కున విరుగుతుంది. కోసిన రెండు మూడు రోజుల్లోనే వంచేయాలి. రెండు ఇనప ఊచలని నేలలోకి 40 సెంటీమీటర్లు దిగ్గొట్టి, గడల మొదళ్లని వాటికి పురికొసతో బిగించి, కొసలని పైన అరమీటరు మేర ఒకదాని మీద ఒకటి వేసి కట్టాలి. పూలని నాలుగేసి గుత్తిగా, పది సెంటీమీటర్లకో గుత్తి చొప్పున, నడినెత్తి నుంచి రెండు పక్కలకీ కిందికి దిగుతూ కడితే పై గుత్తి తొడిమల్ని కింది గుత్తి పూలు కప్పేస్తాయి. కింద నుంచి మొదలెడితే కాడలన్నీ బయటికి కనబడతాయి. తీగతో బిగిస్తే కాండం తెగుతుంది, మెత్తటి పురికొసే మంచిది. కట్టేముందు పూలకాడల్ని ఒక రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచితే నవంబర్ 2 సాయంత్రం దాకా ఢోకా లేదు. కొందరు గడలకి బదులు చెరకు గడలు నిలబెడతారు. చూడ్డానికి బావుంటుంది, కానీ కోసిన చివరలకి మైనం పూయకపోతే చీమల బారు తయారు.

రేకుల దారి గేటు గడప దగ్గర మొదలై ఒఫ్రెండా కాళ్ల దాకా తెగకుండా రావాలి. 40 సెంటీమీటర్ల వెడల్పున ఒత్తుగా పరవాలంటే మీటరుకి పాతిక పెద్ద పూలు. ముందు రోజు ఒలిచిపెడితే రేకులు కుప్పలో వేడెక్కి గోధుమరంగుకి తిరుగుతాయి. అదే రోజు మధ్యాహ్నం ఒలవండి. పువ్వుని బోర్లా పట్టుకుని కింది పచ్చగిన్నెని బొటనవేలితో చీలిస్తే రేకులన్నీ ఒక్క గుప్పెట్లో ఊడొస్తాయి. పైనుంచి పీకితే సగం తెగి, వేళ్లు రెండు రోజులు పసుపుపచ్చగా ఉంటాయి. నేల మీద ముందు సుద్దతో రెండు గీతలు గీసి, లోపల నీళ్లు చిలకరించి, దాని మీద చల్లి, పైన ఇంకోసారి పిచికారీ చేస్తే మామూలు గాలికి కదలవు. తడి రేకులు గచ్చుకీ రాతిపలకలకీ మరక పెడతాయి. అద్దె ఇల్లయితే కింద సన్నటి ఇసుక పొర వేసుకోండి, గొడవుండదు.

వెడల్పు జాగాలో మేము వేసేది తపేతె, రంగు రంపపు పొట్టుతో నేలమీద వేసే బొమ్మ. ముగ్గు చెయ్యి తిరిగినవాళ్లకి ఇది సగం వచ్చినట్టే. మిగతా సగం, అంటే పొట్టు తడి చూసుకోవడమే అసలు విద్య. మీటరున్నర పొడవు, మీటరు వెడల్పు బొమ్మకి అడుగు పొర సెంటీమీటరు మందం వేస్తే 15 లీటర్ల పొట్టు, రంగులకి ఇంకో పది లీటర్లు. పైన్ చెక్క పొట్టు తెల్లగా ఉండి రంగు పీలుస్తుంది. ఎర్ర చెక్క పొట్టుకి ఏ రంగేసినా బురదలా ఉంటుంది. ముందు జల్లెడ పట్టి పెచ్చులు తీసేయాలి. ఐదు లీటర్ల పొట్టుకి ఒక పెద్ద చెంచా అనిలినా అనే రసాయన రంగు పొడిని అర లీటరు వేడి నీళ్లలో కలిపి, కొంచెం కొంచెంగా పోస్తూ తొడుగులు వేసుకున్న చేత్తో పిసకాలి. ఒకేసారి పోస్తే కొన్ని ముద్దలు ముదురుగా, మిగతాది వెలవెలబోతూ వస్తుంది. నీడలో ఒక పూట ఆరబెట్టాలి. పిడికిట్లో బిగించి వదిలితే ఉండగా నిలవాలి, వేళ్లకి నీరు అంటకూడదు. అదే గుర్తు.

నేలమీద మొదట ప్లాస్టిక్ పట్టా, దాని మీద తడిపిన మామూలు పొట్టు సమంగా పరిచి చెక్కతో అదమాలి. బొమ్మని అట్టలో కోసి, ఆ అచ్చు ఆనించి, ఒక్కో రంగుని జల్లెడలో రాలుస్తాం. అచ్చు తీసేటప్పుడు పక్కకి లాగకండి, నిలువుగా పైకెత్తాలి. నడిమధ్య నుంచి అంచులకి వస్తే మీ పనిని మీరే తొక్కరు. మధ్యకి చెయ్యి అందకపోతే అటూ ఇటూ ఇటుకలు పెట్టి పైన పలక వేసి దాని మీద కూర్చోవాలి. నలుపు ఆఖర్న వేయండి, ముందే వేస్తే ప్రతి రంగులోకీ దాని పొడి చేరి అన్నీ మాసిపోతాయి. పొట్టు ఆరితే ఎగిరిపోతుంది కనుక ఎండగా ఉన్నప్పుడు రెండు గంటలకోసారి సన్నటి తుంపర పట్టాలి. పైపు పెట్టారో, బొమ్మకి గోతులే.

పాపెల్ పికాదో అంటే జాలీలా కన్నాలు కోసిన పల్చటి రంగు కాగితాల తోరణాలు. పుయెబ్లాలోని సాన్ సాల్వదోర్ విష్కొలొత్లాలో ఈ కాగితాలని దొంతరగా పేర్చి ఉలితో సుత్తితో కొడతారు. ఇంట్లో చెయ్యాలంటే కాగితాన్ని మడిచి కత్తెరతో కోసుకోవచ్చు, పై అంచున మూడు వేళ్ల పట్టీ మాత్రం వదలాలి, దారం మీదకి మడిచి అతికించేది అదే. బయట కట్టేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. రాత్రి మంచుకి కాగితం రంగు కారుతుంది, కింద తెల్లగుడ్డ ఉంటే అంతే సంగతులు. ఎండకి ఊదా రంగు రెండు రోజుల్లో వెలుస్తుంది. అందుకే చూరు కింద కాగితానివి, ఆరుబయట ప్లాస్టిక్‌వి కడతాం. ప్లాస్టిక్ చూస్తే అత్తగారు మూతి ముడుస్తారు, నిజానికి గాలికి కాగితం చేసే గలగల దానికి రాదు. దారం ప్రతి రెండు మీటర్లకీ ఒక ఆధారానికి ముడివేయాలి, మధ్యలో జారి తల తగిలే ఎత్తుకి రాకుండా 2.3 మీటర్ల మీద కట్టాలి.

అన్నిటికన్నా జాగ్రత్త మంట దగ్గర. పైన కాగితం, పక్కన ఆరిన పూలు, కింద రంపపు పొట్టు, మధ్యలో ఇరవై దీపాలు. ఇంతకన్నా అంటుకునే ఏర్పాటు ఇంకోటి ఉండదు. విడి కొవ్వొత్తులు మానేసి, గాజుగ్లాసులో పోసిన వెలదోరాలే వాడండి, మంట అంచుకి రెండు వేళ్లు లోపలే ఉంటుంది. నడవలో పెట్టేవాటికి మూరెడు లోతు పేపర్ సంచిలో నాలుగు వేళ్ల ఇసుక పోసి అందులో గ్లాసు దించాలి. ఈ సంచి తప్ప, దీపానికి పైన మీటరు దాకా, పక్కన జానెడు దాకా కాగితం, గుడ్డ, పువ్వు ఏదీ ఉండకూడదు. చల్లటి రాత్రి వేడెక్కిన గాజు మీద నీళ్లు పడితే పగిలిపోతుంది, కాబట్టి పూలకి నీళ్లు కొట్టే పని దీపాలు పెట్టకముందే ముగించాలి. అంతా పడుకోబోయే ముందు ఒక బకెట్ నీళ్లు పక్కన పెట్టుకుని, పొట్టు దగ్గరి దీపాలు ఆర్పేసి, ఒఫ్రెండా ముందున్నవి మాత్రం వదులుతాం, అదీ ఒకరు మేలుకుని ఉంటేనే.

కొపాల్ అనే చెట్టు బంకతో వేసే ధూపం గురించి సాంబ్రాణి వేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. మట్టి ధూపపాత్ర అడుగున వేలెడు బూడిదో ఇసుకో వేస్తే పాత్ర పగలదు. బొగ్గు పైన తెల్లగా బూడిద పట్టాక శనగగింజంత రెండు మూడు పలుకులు వేయాలి. బొగ్గు ఎర్రగా కణకణలాడుతుంటే వేసిందల్లా నల్లటి పొగై కళ్లు మండుతాయి. కమాను కింద పెట్టకండి, పూలు మసిబారతాయి.

తిండి బయట పెట్టేది సాయంత్రం దీపాల వేళకే. పాన్ దె ముయెర్తో రొట్టె మీద చక్కెర ఉంటుంది, మధ్యాహ్నం పెడితే చీకటి పడేలోపు చీమల పరం. నడుమ మెట్టు పెట్టె కాళ్ల కింద నీళ్లు పోసిన మూకుళ్లు పెడతాం. గుడ్డ అంచు నేలకి తగిలిందంటే మూకుళ్లు దండగ, అవి గుడ్డ పట్టుకుని ఎక్కుతాయి. చక్కెర పుర్రెలు గాలిలో తేమకి చెమటపట్టి రంగులు కారతాయి, రాత్రికి లోపలికి తీయండి. ఒఫ్రెండాకి చాక్లెట్ వాడితే పెంపుడు కుక్కకి అందకుండా చూసుకోండి, దానికి అది విషం.

అక్టోబరు ఆఖర్లో పసిఫిక్ వైపు నుంచి తుపాను వచ్చే అవకాశం ఉంది. 2015లో పత్రీసియా తుపాను మా హలీస్కో రాష్ట్ర తీరాన్ని తాకింది అక్టోబరు 23నే. అందుకని తపేతె పొట్టు రంగులద్ది సంచుల్లో ఉంచుతాం, నేల మీద పరిచేది మాత్రం 1వ తేదీ పొద్దున్నే. వాన సూచన ఉంటే తపేతె వదిలేసి, కుండీలు ఎక్కువ పెట్టి సరిపెడతాం.

3న విప్పుతాం. బంతి రేకులు, పట్టుకుచ్చు ఎరువు గుంటలోకి వెళ్తాయి. నాటు రకం పూలలో పెద్దవాటిని చెట్టునే ఎండనిచ్చి విత్తనం తీస్తాం. కుండీల్లోని సంకర రకం విత్తనం దాచొద్దు, వచ్చే ఏడు ఏ పొడుగు ఏ రంగు వస్తుందో దానికే తెలీదు. అనిలినా పొట్టు ఎరువులోకి వేయకూడదు, పట్టాతో సహా చుట్టి చెత్తబండికి ఇస్తాం. గచ్చు మీద మైనం చుక్కలకి పాత కాగితం వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే కాగితం పీల్చేస్తుంది. వేడినీళ్లు పోస్తే కరిగి రాతి రంధ్రాల్లోకి దిగి, ఆ నల్లమచ్చ మళ్లీ పండగ దాకా అలాగే ఉంటుంది.